బొల్లికొండవారి పీఠం

కృష్ణవేణి ఒడ్డున ఏడు ప్రాకారాల నడుమ, ఏనుగుల ఘీంకారాలతోను వైతాళికుల స్తోత్రాలతోను ప్రతి ఉదయమూ మేల్కొనే శ్రీవల్లభపురం ఇంద్రుడి అమరావతికి ఏమాత్రం తీసిపోదని ఆనాటి కవులు వ్రాసిపెట్టారు. కవులు ఆ నగరిలోకి ఏ ద్వారాన వెళ్ళేవారో గాని, బొల్లికొండ రాజ్యపు స్థానాపతి, అంటే రాయబారి, గుడిమెట్ల విస్సనామాత్యుడికి మాత్రం అంతటి మహానగరమూ నాలుగేళ్ళుగా ఒక్క రాతి అరుగే. కొలువుకూటం ముందరి ఆ అరుగు మీద ఆయన రోజూ ఉదయం వచ్చి కూర్చునేవాడు, మధ్యాహ్నం లేచి బసకు పోయేవాడు.

ఆ కూటానికి రెండు ద్వారాలు. ఉత్తరాన మిత్రద్వారం: స్వతంత్ర రాజుల రాయబారులు అందులోంచి వెళ్ళి, తమ పీఠాల మీద కూర్చుని, మహారాయల చేతి తాంబూలం అందుకుంటారు. దక్షిణాన బంట్లద్వారం: సామంతుల మనుషులు కత్తీ చెప్పులూ బయట విడిచి, తలవంచి వెళ్ళి, నిలబడే విన్నవించుకుంటారు. రాయబారి ఏ ద్వారాన అడుగుపెడితే అతని రాజ్యపు అంతస్తు అదే. తరవాత ఏ శాసనమూ దాన్ని మార్చజాలదు. మూడు తరాలు వల్లభపురానికి సామంతంగా పడి ఉన్న బొల్లికొండ ఆరేళ్ళ క్రితమే స్వతంత్రం ప్రకటించుకుంది. యువకుడైన ఎఱపోత భూపతి పట్టాభిషేకం నాడే స్థానాపతి పదవిని ఏర్పరచి, పనసచెక్కతో ఒక పీఠం కూడా చేయించి పంపాడు.

పీఠం వచ్చింది గాని, దాన్ని వేసే చోటు దొరకలేదు. మొదటి స్థానాపతి మూడు నెలలు ఎండలో పడిగాపులు పడి సన్నిపాత జ్వరంతో పోయాడు. రెండోవాడు ఒక అగ్రహారానికి ఆశపడి బంట్లద్వారంలో దూరబోతుండగా భూపతి సమయానికి వెనక్కి పిలిపించాడు. మూడోవాడు విస్సన. మహారాయలు ఎప్పుడో వేటలో కనబడి "తప్పక కొలువుకు రండి" అన్నారు. ప్రధాని తిప్పరసు మాత్రం ప్రతి ఉదయమూ "రేపు" అనేవాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని పెద్దలు ఊరికే అన్నారా! బసలో వంట చేసే సూరమ్మ ఆ పీఠం మీద వడియాలు ఎండబెట్టేది.

"రాచపీఠమమ్మా అది," అని విస్సన ఒకనాడు కోపపడ్డాడు.

"తమరెలాగూ కూర్చోవడం లేదు కదయ్యా. ఊరికే పడుంటే చెదలు పడుతుంది," అంది సూరమ్మ.

ఇలా ఉండగా తూర్పుసీమ దొర ఉద్దండరాయడు పన్నెండువేల బలగంతో బొల్లికొండను ముట్టడించాడు. కోటను కాస్తున్న దండనాయకుడు తిమ్మన విస్సనకు ఒక్కగానొక్క కొడుకు. ముట్టడి మొదలైన ఇరవయ్యో రోజున, బొల్లికొండ మంత్రి సింగరామాత్యుడు పంపిన తాటాకు కమ్మ ఒకటి స్థానాపతికి చేరింది: "కోటలో ధాన్యం అడుగంటుతున్నది. ద్వారం ఏదైతేనేమి? బంట్లద్వారాననే వెళ్ళి శరణు వేడండి. ఇది ప్రభువుల ఆజ్ఞ."

విస్సన ఆ కమ్మను వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. స్వతంత్రం వచ్చిన నాడు భూపతి కోటమ్మవారి ముందు ఒక ఒట్టు పెట్టుకున్నాడు: తన ఆజ్ఞ మోసే ప్రతి కమ్మకూ అమ్మవారి కుంకుమ తన వేలితో తానే అద్దుతానని. జ్వరంలో పడి ఉన్నప్పుడు కూడా తప్పలేదు. ఈ కమ్మ మీద కుంకుమ లేదు.

ఆ ఉదయం తిప్పరసు తానుగా అరుగు దగ్గరికి వచ్చాడు. నాలుగేళ్ళలో అది మొదటిసారి.

"అమాత్యా, పంతానికి కూడా ఒక పొద్దుంటుంది. దక్షిణాన పది అడుగులు వేయండి. పదివేల గుర్రం ఇప్పుడే కదులుతుంది. తమ కుమారుడు బ్రతుకుతాడు. మీ సింగరామాత్యులతో మాట కూడా అయిపోయింది. మహారాయల తరఫున రేపటినుంచి దుర్గపాలన ఆయనదే."

విస్సనకు ఒళ్ళంతా మంట పుట్టింది. నాలుగేళ్ళు తన్ను ఎండలో కూర్చోబెట్టింది ఇందుకా! కొడుకు ముఖం కళ్ళలో మెదిలింది. ఆ పది అడుగులూ వేసెయ్యాలని కాళ్ళు నిజంగానే లాగాయి, ఆ సంగతి దాచవలసిన పని లేదు.

"ప్రధానీ," అన్నాడు చివరికి, "నేను తండ్రిగా వచ్చి ఉంటే ఈపాటికి తమ కాళ్ళ మీద పడి ఉండేవాణ్ణి. నన్ను పంపింది నా కొడుకు కాదు, బొల్లికొండ. మిత్రుడు సాయమడిగితే దండు వెళ్ళి తిరిగి వస్తుంది. బంటు అడిగితే వెళ్ళిన దండు అక్కడే పాతుకుంటుంది. ఉత్తరద్వారం తెరవండి, అడుగుతాను. లేదా ఈ అరుగు ఉండనే ఉంది."

తిప్పరసు నవ్వి, "రేపు," అని వెళ్ళిపోయాడు.

సింగరామాత్యుడి కమ్మనూ, తిప్పరసు నోట జారిన మాటనూ జతచేసి విస్సన నమ్మకస్తుడైన వేగుతో భూపతికి పంపాడు. తరవాత తొమ్మిది రోజులు ఆ అరుగు మీదే కూర్చున్నాడు. దక్షిణద్వారం బార్లా తెరిచే ఉంది. సూరమ్మ తెచ్చిన అన్నం మాటిమాటికీ తిరిగిపోయింది.

పదో రోజు ఉదయం ఉత్తరద్వారం కిర్రుమంటూ తెరుచుకుంది. స్వయంగా తిప్పరసే ఎదురు వచ్చి చేతులు జోడించాడు. వేగు కోటలోకి చేరాడట. భూపతి సింగరామాత్యుణ్ణి బంధించాడట. బయటినుంచి సాయం రాదని తెలిసిన తిమ్మన నాలుగు వందల మందితో కోటతలుపు తీసుకుని శత్రువు మీద పడి ఉద్దండరాయణ్ణి కూల్చాడట. ముట్టడి విరిగిందట. తిరిగి వచ్చినవారు పదకొండుగురట. వారిలో తిమ్మన లేడట.

తనంతట తాను గెలిచిన రాజ్యాన్ని సామంతమని ఎవరూ అనలేరు. సూరమ్మ ఏడుస్తూనే వడియాల గుడ్డ దులిపి పీఠం ఇచ్చింది. నాలుగేళ్ళుగా విస్సన ఆ కొలువులో చెప్పడానికి ఒక పెద్ద ప్రసంగం కూర్చుకుని ఉన్నాడు. నడివీధిలో కూడా వల్లెవేసుకునేవాడు. మహారాయలు "బొల్లికొండవారు ఏమి సెలవిస్తారు?" అని అడిగినప్పుడు అందులో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"ప్రభూ, మాకు ఇప్పుడు ఏమీ అక్కరలేదు," అన్నాడు. "కూర్చోవడానికి వచ్చాను."

కూర్చున్నాడు. కూర్చునే తాంబూలం అందుకున్నాడు.

ఆ తరవాత పద్నాలుగు మంది బొల్లికొండ స్థానాపతులు మిత్రద్వారాన నడిచి వెళ్ళి ఆ పీఠం మీద కూర్చున్నారు. వారిలో ఒకాయన, పదవి చేపట్టిన నెలలోపే, పీఠం మీద ఎన్ని తుడిచినా పోని ఉప్పుమరకలు ఉన్నాయనీ, తన హోదాకు తగిన కొత్తది పంపవలసిందనీ విన్నపం వ్రాశాడు.