ఉప్పు చూసే మనిషి

ఆ ఇంటి వంటగదిలో ఐదింటికే పెద్ద పొయ్యి వెలుగుతుంది. బస్ డిపో వర్క్‌షాపులో అరవై మంది పనివాళ్లకి పన్నెండున్నర కల్లా భోజనం అందాలి. అన్నం, పప్పు, ఒక కూర. మామగారు గరిటె పట్టుకున్నారంటే ఇక ఆ గదిలో ఆయన మాటకు ఎదురుండదు. వీధిలో అందరూ ఆయన్ని గరిటె మేస్త్రి అంటారు. ఆ పేరు ఆయనకి నచ్చదు గానీ, పిలిస్తే మాత్రం పలుకుతారు.

"ఉప్పు చూడమ్మా. నిన్నటిలా కాకుండా జాగ్రత్తగా చూడు," అంటూ గరిటె చివర కాస్త కూర తీసి కోడలి వైపు చాపారు.

కోడలు అరచేతిలో వేయించుకుంది. పొయ్యికి వీపు తిప్పి సింకు దగ్గరికి నడిచింది. రెండు క్షణాలు ఆగి, కుళాయి తిప్పి చెయ్యి కడిగేసుకుంది. నాలుక మీద ఒక్క చుక్క కూడా పడలేదు.

"సరిపోయింది మామయ్యా," అంది.

అలా అనడం అది పదిహేనో రోజు.

ఒక పూట ఉప్పు చూడటానికి ఇంత నాటకం ఎందుకో తెలియాలంటే ఆ ఇంట్లో లెంట్, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలం, ఎలా గడుస్తుందో చెప్పాలి. మామగారిది గట్టి పట్టుదల. ఆదివారాలు వదిలేసి నలభై రోజులూ సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టరు. నాలుక మీద పడ్డాక అది తిండే అంటారు, అందుకే వంట చేస్తారు గానీ రుచి చూడరు. ఆయన అక్కగారు, అంటే కోడలికి పెద్దత్త, మధ్యాహ్నం భోజనమూ, టీలో చక్కెరా, టీవీలో సీరియళ్లూ మానేస్తుంది. సీరియల్లో ఏం జరిగిందో పక్కింటావిడని అడిగి రోజూ చెప్పించుకుంటుంది. వినడం చూడటం కాదు కదా అని ఆవిడ వాదన. కొడుకు శుక్రవారాలు మాత్రమే ఉపవాసం ఉంటాడు. శుక్రవారం పదకొండు దాటాక అతన్ని ఎవరూ పలకరించరు.

కోడలి పుట్టింటివాళ్లకి ఇవేవీ లేవు. వాళ్లూ క్రైస్తవులే గానీ, వాళ్ల సంఘంలో లెంట్ అన్న మాటే వినపడదు. "నలభై రోజులు బుద్ధిగా ఉండి మిగతా రోజులు సెలవు తీసుకుంటామా బావగారూ? మాకు అన్ని రోజులూ దేవుడివే," అన్నాడు ఆమె తండ్రి పెళ్లి మాటలప్పుడు. "తిండి మానలేని వాళ్లందరూ చెప్పేది ఇదేనండీ," అన్నారు మామగారు. అత్తగారు టీ కప్పులతో మధ్యలోకి రాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ సంబంధం అక్కడితో చెడేదే.

ఆ అత్తగారు ఆర్నెల్ల కిందట పోయింది. ఆవిడకి చక్కెర వ్యాధి, పూటపూటా మాత్రలు. ఉపవాసం కుదరదు కాబట్టి ముప్పై ఏళ్లుగా ఈ రోజుల్లో ఆవిడే ఉప్పు చూసేది. ఆవిడ లేకుండా వచ్చిన మొదటి లెంట్ ఇది.

మొదటి రోజు చర్చి నుంచి నలుగురు వచ్చి ముందు గదిలో కూర్చున్నప్పుడు మామగారు నవ్వుతూ ఒక మాట అన్నారు. "మా కోడలికి ఇలాంటి పట్టింపులు లేవులెండి, వాళ్లవాళ్లంతే. ఒకందుకు మంచిదే. ఉప్పు చూడ్డానికి ఒక మనిషి కావాలిగా." వచ్చినవాళ్లూ నవ్వారు. మర్నాడు మధ్యాహ్నం పెద్దత్త ఆమె కంచం తీసుకెళ్లి వెనక వరండాలో పెట్టింది. "ఆ వాసనకి మా ప్రాణాలు లాగేస్తున్నాయే. అక్కడ కూర్చుని తిను తల్లీ," అంది. అందులో దురుద్దేశం ఏమీ లేదు. కానీ ఖాళీ గ్యాసు బండల పక్కన, తోమాల్సిన గిన్నెల మధ్య ఒంటరిగా కూర్చుంటే ఆమెకి ముద్ద దిగలేదు. మూడు రోజులు అలా తింది. సోమవారం నుంచి తినడం మానేసింది.

ఎవరికీ చెప్పలేదు. భర్త పదకొండున్నరకే వ్యాను తీసుకుని వెళ్లిపోతాడు, అతనికీ తెలియదు. సాయంత్రానికి కళ్లు తిరిగేవి, అయినా ఆమె మెత్తబడలేదు. ఈస్టరు నాడు అందరి ముందూ చెప్పాలి, నేనూ ఈ ఇంటి మనిషినే అనిపించుకోవాలి. ఆ ఒక్క కోరికతో బిగబట్టుకుని నిలబడింది. మామగారి చెయ్యి నలభై ఏళ్లుగా ఉప్పు వేసిన చెయ్యి. ఆమె రుచి చూడకపోయినా రెండు వారాలు ఎక్కడా తేడా రాలేదు.

తేడా సంచిలో వచ్చింది. గళ్ల ఉప్పు అయిపోతే దుకాణంవాడు మెత్తటి ఉప్పు పంపాడు. పిడికిలి అదే, కానీ మెత్తటి ఉప్పు పిడికిట్లో ఎక్కువ పడుతుంది. నిన్నటి కూర నోట పెట్టుకోలేకపోయామని డిపో నుంచి ఫోను వచ్చింది. ఆ భయంతో ఈ పొద్దున మామగారు కూరలోనూ పప్పులోనూ మూడు పిడికిళ్ల చోట ఒక్కటే వేశారు.

రెండున్నరకి వ్యాను తిరిగొచ్చింది. రోజూ ఖాళీ గిన్నెలు ఒంటి చేత్తో తెచ్చే కొడుకు గుమ్మంలో ఆగి, "నాన్నా, ఓ చెయ్యి వెయ్యండి," అన్నాడు.

కూర గిన్నె దాదాపు నిండుగా ఉంది. పప్పు గిన్నె కూడా అంతే. మామగారు మూతలు తీసి చూశారు. అంతలో ఫోను మోగింది. డిపో మేనేజరు గొంతు గది అంతా వినిపించింది.

"నిన్న ఒట్టి ఉప్పు, ఇవాళ ఒట్టి నీళ్లు. ఏమైంది మేస్త్రిగారూ మీకు? సగం మంది బయటికెళ్లి ఏదో కొనుక్కు తిన్నారు. మిగతావాళ్లు ఖాళీ కడుపుతోనే బస్సుల కిందకి దూరారు. పదేళ్ల పరిచయం కాబట్టి చెప్తున్నా. ఇంకొక్కసారి ఇలా జరిగితే మేం వేరే చోటు చూసుకుంటాం."

మామగారు ఫోను పెట్టేసి కోడలి వైపు తిరిగారు. "పొద్దున నువ్వు ఉప్పు చూశావా?"

"చూశాను."

ఆయన గరిటెతో కూర తీసి చాపారు. "అయితే ఇప్పుడు చూడు."

కోడలు కదల్లేదు.

"చూడమ్మా. నేను చూడకూడదు కాబట్టి నిన్ను అడుగుతున్నా. ఇందులో ఏం తక్కువైందో చెప్పు."

"నేను తినను మామయ్యా."

"ఎందుకు తినవు?"

"ఉపవాసం ఉన్నాను. రెండు వారాలు దాటింది."

పెద్దత్త చేతిలోని టీ కప్పు కింద పెట్టేసింది. భర్త, "ఏంటి నువ్వు మాట్లాడేది?" అన్నాడు. మామగారి మొహం ఎర్రబడింది.

"మీ వాళ్లకి ఇవన్నీ లేవన్నారు కదా."

"మీవాళ్లు, మావాళ్లు. ఆ మాట వినలేకే మొదలుపెట్టాను. ఇల్లంతా పస్తుంటే నేనొక్కదాన్నే వెనక కూర్చుని దొంగలా తినాలా? ఉపవాసం గుట్టుగా చెయ్యాలని మీరే అంటారుగా. గుట్టుగానే చేశాను."

"గుట్టుగా చెయ్యడం వేరు, రోజూ పొద్దున్నే నా మొహం మీద అబద్ధం చెప్పడం వేరు." ఆయన గొంతు పెద్దదైంది. "రోజుకో అబద్ధం చెప్పి చేసింది ఎవరి కోసం? దేవుడి కోసమా?"

ఔనంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో ఆయన నోరు మూతపడేది కూడా. కానీ ఇన్ని రోజుల్లో ఒక్క ప్రార్థన అయినా మనసు పెట్టి చేసిందా అని ఆమెకే అనుమానం వచ్చింది. కళ్లు మూసుకున్నప్పుడల్లా ఈస్టరు నాడు ఈయన మొహం ఎలా ఉంటుందో అన్న ఊహే తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

"కాదు. మీ కోసం," అంది. అని, ఏడుపు ఆపుకోలేకపోయింది.

పెద్దత్త మెల్లగా అంది. "కంచం వరండాలో పెట్టింది నేనేరా తమ్ముడూ. పిల్లకి అంత కష్టంగా ఉంటుందని నాకు తోచలేదు."

మామగారు చేతిలోని గరిటె వైపు చూశారు. ఆ తర్వాత ఆయన చేసిన పని ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడనిది. ఇంకా సాయంత్రం కాలేదు, ప్రార్థన కాలేదు. గరిటెడు కూర నోట్లో పెట్టుకుని, నమిలి, మింగారు.

"నాన్నా," అన్నాడు కొడుకు.

"ఇది తిని వాళ్లు బస్సుల కిందకి దూరారా," అన్నారు ఆయన. బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "అరవై మంది నోళ్లు కొట్టి మనిద్దరం భక్తి చేశాం తల్లీ. రుచి చూడటం తినడం కాదయ్యా అని పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పారో. నేను వింటేగా. నా పట్టు నాది. నా పట్టు నిలబడాలంటే ఇంకెవరో తినాలి. ఆ తినేవాళ్లనే మళ్లీ నలుగురిలో తక్కువ చేసి మాట్లాడాను."

"అయితే రేపట్నుంచి మీరే చూసుకుంటారా?" అన్నాడు కొడుకు.

"చూసుకోను. ఇవాళ్టిది పోయింది, పోనీ. రేపటి ఉపవాసం రేపు ఉంటాను. నేను నమ్మింది నేను వదలను."

కోడలు మొహం తుడుచుకుంది. "నేనూ వదలను మామయ్యా. మా నాన్న చెప్పిందే నాకు ఇప్పటికీ నిజమనిపిస్తుంది. నమ్మకం లేకుండా కడుపు మాడ్చుకుంటే అది ఆకలే గానీ ఉపవాసం కాదని ఈ పదిహేను రోజుల్లో బాగా తెలిసింది. రేపట్నుంచి నేను ఉప్పు చూస్తాను. మధ్యాహ్నం తింటాను. వరండాలో కాదు, ఈ బల్ల దగ్గరే తింటాను. మీ నోరు ఊరితే అది మీరు చూసుకోవాలి."

"ఊరనీ," అంది పెద్దత్త. "నోరు ఊరకపోతే ఇక ఉపవాసం ఏముంది?"

మామగారికి నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. లేచి చొక్కా చేతులు పైకి మడిచారు. "ఆరింటికి షిఫ్టు మారుతుంది. పొద్దున్నవాళ్లు కూడా అప్పటికి అక్కడే ఉంటారు. అందరికీ మళ్లీ వండి పంపుదాం. రూపాయి తీసుకోవద్దు. ఒరేయ్, నువ్వు కూరగాయలు తరుగు. అక్కా, బియ్యం కడుగు. నువ్వు ముందు కాస్త రొట్టె తిని రామ్మా, పొయ్యి దగ్గర కళ్లు తిరిగి పడతావు."

రెండు గంటలు ఆ వంటగదిలో ఎవరికీ ఊపిరి సలపలేదు. కొడుకు వేలు కోసుకుని, కట్టు కట్టుకుని మళ్లీ కూర్చున్నాడు. పెద్దత్త చర్చిలో పాడే పాట ఒకటి మొదలుపెట్టి, రెండో చరణం గుర్తురాక మొదటిదే నాలుగుసార్లు పాడింది. ఐదింటికి కూర ఉడికింది. మామగారు మెత్తటి ఉప్పు ఆచితూచి వేసి, కలిపి, గరిటె ఎత్తారు.

"నా ఉపవాసం ఎలాగూ పోయింది కాబట్టి ఇవాళ నేనే చూడొచ్చు," అన్నారు. "కానీ నువ్వే చూడు."

కోడలు ఊది, నోట్లో పెట్టుకుంది. వెంటనే చెప్పలేదు. గరిటె మేస్త్రితో 'ఇంకా పడాలి' అనడానికి ఆ వీధిలో ఎవరికీ ధైర్యం చాలదు.

"ఇంకొంచెం పడాలి మామయ్యా."

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. అయినా మారు మాట్లాడకుండా వేసి కలిపారు. ఆమె మళ్లీ చూసింది.

"ఇంకాస్త."

ఆయన ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి ఆగిపోయారు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు బయటపడింది. ఆ నవ్వులోనే కళ్లు నిండాయి.

"మీ అత్తయ్య ముప్పై ఏళ్లు ఉప్పు చూసింది. ఒక్కరోజైనా మొదటిసారే సరిపోయిందని అన్న పాపాన పోలేదు. నువ్వు పదిహేను రోజులు వరసగా సరిపోయింది, సరిపోయింది అంటుంటే నాకు అప్పుడే తెలియాల్సిందమ్మా."

ఆయన చేతినిండా ఉప్పు ఉంది. కళ్లు తుడుచుకునే వీలు లేక అలాగే నిలబడ్డారు. కోడలు ఆయన భుజం మీది తువ్వాలు తీసి, కన్నతండ్రికి తుడిచినట్టు ఆ కళ్లు తుడిచింది.