మెరుపు మేడం భుజం

ఉదయం టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించాక పెయింటరు హాల్లో కుర్చీ పక్కకి జరిపి, బొమ్మల లోకం చూపించే వీఆర్ హెడ్‌సెట్ కళ్లకి తగిలించుకున్నాడు. ఏళ్ల తరబడి సీలింగులకి రంగులు వేసి ఆయన కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి భుజం దాకా లేస్తుంది, ఆపైన లేవదు. కళ్లద్దాల షాపులో పనిచేసే కొడుకు తన హెడ్‌సెట్‌లో తండ్రి కోసం ఒక ఆట పెట్టాడు. పైనుంచి బెలూన్లు వస్తాయి, చేత్తో కొట్టాలి.

ఆ రోజు బెలూన్లు రాలేదు. కొడుకు తన ఖాతా మూయడం మర్చిపోయాడు. పెయింటరు ఎదురుగా కనిపించిన తలుపు బొమ్మ నొక్కాడు. లోపల పెద్ద గది, మెట్ల మీద జనం. ఒకరికి నక్క తల, ఇంకొకరికి గొడుగంత టోపీ. అందరూ తనలాగే భుజం నొప్పితో వచ్చారనుకున్నాడు.

"రండి మేడం! ఇవాళ రిహార్సల్ త్వరగా మొదలెట్టారే!" అన్నారెవరో మెట్ల మీంచి.

మేడం అంటే వ్యాయామం చేయించే డాక్టరమ్మ కాబోలని వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. సరే, తన పని తాను చేసుకోవాలని కుడి చెయ్యి ఎత్తాడు. అది భుజం దగ్గర ఆగింది. ఎడం చేత్తో మోచేతిని పైకి తోసి, మెల్లగా దించాడు. జనం చప్పట్లు కొట్టారు.

"అబ్బ, ఆ చెయ్యి చూడండి! ఎక్కడ నేర్చారు మేడం?"

నక్క తల దగ్గరికి వచ్చింది. "మీ నాన్నగారి భుజం ఎలా ఉంది?"

"మా నాన్న పోయి చాలా ఏళ్లయిందండీ," అన్నాడు పెయింటరు. అది వాళ్లకి వినబడలేదు. మైకు ఆపి ఉంది.

"సాయంత్రం షో సంగతి ఇంట్లో చెప్పారా? ఇంకా ఆయనంటే భయమేనా?"

పెయింటరు పక్కకి తిరిగాడు. గోడంత అద్దం. అందులో నీలం గౌను, ఎర్ర గ్లౌజులు, గోపురంలాంటి కొప్పు. పైన 'మెరుపు మేడం' అని పేరు. ఆయన చెయ్యి ఎత్తితే ఆవిడా ఎత్తింది. భుజం దగ్గర ఆగింది.

మధ్యాహ్నం కొడుకు భోజనానికి వచ్చాడు. తల్లి వడ్డిస్తోంది.

"ఎవర్రా ఆ మెరుపు మేడం?"

కొడుకు చేతిలో నీళ్ల గ్లాసు ఆగింది. "నేనే నాన్నా."

"కళ్లద్దాలు అమ్ముతున్నావనుకున్నాను."

"అమ్ముతూనే ఉన్నాను. సాయంత్రాలు అక్కడ ఆడవేషం వేస్తాను. పాటకి ఆడతాను. జనం వాళ్ల ఇళ్లనుంచే హెడ్‌సెట్లు పెట్టుకుని వస్తారు."

పెయింటరు భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసు. చెబితే మీరు వింటారా?"

"అంటే ఏంట్రా, నువ్వు ఆడపిల్లవా?"

"నాకే ఇంకా పూర్తిగా తెలీదు. తెలిసినంత చెబుతున్నాను. షాపులో నిలబడితే ఈ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. మేడంగా ఉంటే తెలుస్తుంది."

"ఈ ఇంట్లో అలాంటివి కుదరవు."

కొడుకు లేచాడు. "సరే. షాపు పైగదికి మారతాను. హెడ్‌సెట్ నీకే వదిలేస్తాను. భుజం బాగవ్వాలి కదా."

"కూర్చోరా! కంచం ముందు అలకలేంటి!" అంది తల్లి. కొడుకు కూర్చోలేదు. చెయ్యి కడుక్కోవడానికి కుళాయి తిప్పాడు.

పెయింటరు కంచంలోకి చూస్తూ అడిగాడు. "ఆ నక్కకి నా భుజం సంగతి ఎలా తెలుసు?"

"నేనే చెప్పాను. రోజూ అడుగుతారు."

"నేనంటే భయమని కూడా చెప్పావా?"

కుళాయి కారుతోంది. కొడుకు కట్టేయలేదు.

"చెప్పాను."

"పొద్దున నన్ను నువ్వే అనుకుని అడిగాడు. ఇంకా భయమేనా అని. ఏం చెప్పాలో నాకు తోచలేదురా. మెట్ల మీద కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. ఇంట్లో ఉన్న నాకే తెలీదు."

తల్లి వెళ్లి కుళాయి కట్టింది.

"ఆ షో మాకూ కనబడుతుందా?" అన్నాడు పెయింటరు.

సాయంత్రం కొడుకు హెడ్‌సెట్‌ని టీవీకి కలిపి హాలు మధ్యలో నిలబడ్డాడు. ఈసారి మైకు ఆపలేదు. భార్యాభర్తలు సోఫాలో కూర్చున్నారు. టీవీలో మెరుపు మేడం వచ్చింది, మెట్లు నిండి ఉన్నాయి. పాట సగానికొచ్చాక ఆవిడ కుడి చెయ్యి ఎత్తింది. అది భుజం దగ్గర ఆగింది. ఎడం చెయ్యి వచ్చి మోచేతిని పైకి తోసింది. మెట్ల మీది జనం లేచి నిలబడ్డారు.

"అది నాది," అన్నాడు పెయింటరు.

"ఏది?"

"ఆ చెయ్యి. పొద్దున నేను చేసింది ఆ మెట్ల మీదివాళ్లు వాడికి చెప్పినట్టున్నారు."

భార్య టీవీని వదిలి కొడుకు వైపు చూసింది. అదే చెయ్యి, అలాగే పైకి లేచి ఉంది. హెడ్‌సెట్‌తో కళ్లు కప్పుకున్న వాడికి మోకాలి పక్కన కుర్చీ ఉన్నట్టు తెలీదు. పెయింటరు లేచి కుర్చీ తీసి పక్కన పెట్టాడు. పాట అయ్యేదాకా దాన్ని పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

పాట ఆగింది. నక్క తల అడిగింది. "మేడం, ఇంట్లో చెప్పారా?"

కొడుకు తండ్రి ఉన్న వైపు తల తిప్పాడు. హెడ్‌సెట్ కిందనుంచి చెంప తడిసింది.

పెయింటరుకి మైకు ఎక్కడుందో తెలీదు. వంగి, కొడుకు నుదుటి దగ్గర నోరు పెట్టి, మేడ మీద ఉన్నవాళ్లని పిలిచినంత గట్టిగా చెప్పాడు.

"చెప్పాడండీ! ఇక్కడే ఉన్నాను. భుజం ఇవాళ కొంచెం నయం!"