సారు ఇంట్లనే ఉన్నడు

పొద్దున ఏడు కాగానే ఆ ఇంట్లో రెండు ఫోన్లు ఒకేసారి మోగేవి. ముందుగదిలో శ్రవణ్ కుమార్‌ది, వంటింట్లో చెల్లెలు సౌందర్యది. ఇద్దరూ గద్వాలలో ఒకే విత్తనాల కంపెనీలో పని. అన్న మేనేజరు, చెల్లెలు అతని కింద సూపర్‌వైజరు. మధ్యలో ఉన్నది ఒక్క గోడ. అయినా మీటింగు మాత్రం ఫోన్లోనే జరగాలట!

"మనమంతా..." అని శ్రవణ్ అనగానే, "ఒకే కుటుంబం!" అని ఫోన్లో ఉన్న సిబ్బంది అందరూ అరిచి చప్పట్లు కొట్టాలి. పైనుంచి వచ్చిన పద్ధతి అది. సౌందర్య ఒక చేత్తో జొన్నరొట్టె తిప్పుతూ, రెండో చేత్తో గట్టుమీద కొట్టి చప్పట్లు అనిపించేది. ఎంత ఖర్మ!

ఆ రోజు తల్లి జములమ్మ తెల్లవారకముందే తలస్నానం చేసి, సంచి సర్దుకుని వంటింటి గడపలో కూర్చుంది. వనపర్తి దవాఖానలో కంటి ఆపరేషన్. ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. పొర బాగా ముదిరింది, ఇంకా ఆలస్యం చేస్తే చూపు దక్కదని డాక్టరు కోప్పడ్డాడు కూడా. కోడలు మాలతి పురుటికి లింగాలలోని పుట్టింటికి వెళ్లింది. తోడు వెళ్లాల్సింది సౌందర్యే. ఆమె లీవు అడిగింది. అన్నగారు లేదు పొమ్మన్నారు.

"పత్తి చేలల్ల క్రాసింగ్ నడుస్తున్నది. ఏ పొద్దు పువ్వుకు ఆ పొద్దే పుప్పొడి అద్దాలె. సీజన్ల ఎవరికీ లీవు లేదని చెప్పిన గదా" అన్నాడు శ్రవణ్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"అమ్మ కన్ను పోతదన్నా!"

"చెల్లెకిస్తే రేపు అందరూ నా మొఖం మీదనే అడుగుతరు. ఇంగొకటి, ఆఫీసు మాటలల్ల అన్నా అనకు. సార్ అను."

సౌందర్యకు ఒళ్లు మండిపోయింది. "ఇది ఆఫీసా? వంటిల్లు! పెనం మీద రొట్టె కనిపిస్తలేదా?"

"వచ్చే వారం నేనే తీస్కపోత."

"పోయిన నెల గూడ గిదే మాట. నీ వచ్చే వారం ఎప్పుడొస్తదో ఆ దేవునికే ఎరుక!"

జములమ్మ ఒకసారి కొడుకు గొంతువైపు, ఒకసారి కూతురి గొంతువైపు తల తిప్పుతూ విన్నది. ఇంతలో ఏడయింది. ఫోన్లు మోగాయి. శ్రవణ్ ముందుగదికి వెళ్లిపోయాడు. మనమంతా అన్నాడు, ఒకే కుటుంబం అన్నారు, చప్పట్లు పడ్డాయి.

"సౌందర్యా, ధరూరు చేలకు ఎప్పుడు పోతున్నవ్?"

సౌందర్య కళ్లు తుడుచుకుని, ఫోన్ గట్టుమీద పెట్టేసింది. జములమ్మ లేచి, గోడ పట్టుకుని నడిచి, గట్టు తడిమి ఫోన్ అందుకుంది.

"నమస్తే సార్. నేను సౌందర్య తల్లిని."

"అమ్మా, ఏందిది? ఫోన్ దానికియ్యి!" ఆ మాట గోడ అవతలనుంచి ఒకసారి, ఫోన్లోంచి ఒకసారి వినిపించింది.

"ఇస్త సార్. ఒక్క మాట చెప్పి ఇస్త. నాకు కన్ను కనిపిస్తలేదు. నా బిడ్డను ఇయ్యాల జర ఇడిసిపెట్టుండ్రి, నీ కాల్మొక్త. నాకొక కొడుకున్నడు సార్, మంచోడే. గని వానికి సీజనట. ఆఫీసు మాటలల్ల సార్ అనుమన్నడు. గందుకే మిమ్ముల అడుగుతున్న."

ఎవరో దగ్గారు. తర్వాత చెన్నయ్య గొంతు వచ్చింది. కంపెనీలో అందరికంటే పాత మనిషి.

"తప్పనుకోకుండ్రి సార్. మా బిడ్డ కాన్పుకు మీరు వద్దంటే నేను పోలే. మనుమన్ని ఫోన్ల చూసిన. అప్పటిసంది మీరంటే కోపముండె. ఇయ్యాల కోపం పోయింది సార్, పాపం అనిపిస్తున్నది."

శ్రవణ్‌కు లింగాలలో ఉన్న మాలతి గుర్తొచ్చింది. విసురుగా వంటింట్లోకి వచ్చి, అక్కడే ఆగిపోయాడు. తల్లి ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుని, దాని వెనకవైపుకి దండం పెడుతోంది. ఒకే ఇంట్లో ఉంటూ, అమ్మకు ఇంత కూడా కనిపించడం లేదని అతనికి ఇప్పటిదాకా తెలియదు. తెలుసుకోవడానికి తీరికెక్కడిది, మీటింగులాయె!

అతను మెల్లగా ఆ ఫోన్ తీసుకున్నాడు. "చెన్నయ్యా, ఇయ్యాల ధరూరు నువ్వు జర చూస్కో" అన్నాడు.

"నేను చూస్కుంట. మీరు పోండ్రి సార్."

తర్వాత హైదరాబాదులోని పై అధికారికి ఫోన్ చేశాడు. సంగతి చెప్పాడు. అవతలి గొంతు తీయగా, "శ్రవణ్, మనమంతా ఒకే కుటుంబం కదా! నడి సీజన్లో ఇలా వదిలేస్తే ఎలా?" అంది. తను రోజూ వాడే మాటే, అదే వరస. వినేవాళ్లకు ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. చెంప మీద కొట్టినట్టే ఉంది.

"గందుకే సార్, కుటుంబంతోని పోతున్న" అని పెట్టేశాడు.

ముగ్గురూ వనపర్తి బస్సెక్కారు; పెబ్బేరు దాటేదాకా సౌందర్య కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. సౌందర్య కోపం ఇంకా దిగలేదు, దిగాల్సిన అవసరమూ లేదు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంకో కన్ను కూడా చూద్దాం, ఇప్పటికైనా వచ్చారు అన్నాడు డాక్టరు.

సాయంత్రం కంటికి కట్టుతో పడుకున్న జములమ్మ, తన చేయి పట్టుకున్న చేతిని తడిమింది.

"ఎవరు? సౌందర్యనా?"

"కాదమ్మా."

"మరి సారా?"

శ్రవణ్ జేబులో ఫోన్ గుయ్యిమంటూనే ఉంది. అతను తీయలేదు. "నేనే అమ్మా, శ్రవణ్‌ని" అన్నాడు.

పొద్దుటినుంచి అతను ఆమె పక్కనే ఉన్నాడు. బస్సు ఎక్కించింది అతనే, దించిందీ అతనే. అయినా జములమ్మ అతని వేళ్లను గట్టిగా పట్టుకుని, "ఎప్పుడొచ్చినవు బిడ్డా?" అని అడిగింది.

శ్రవణ్ ఆ మంచం అంచున తల ఆనించి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "ఇప్పుడే వచ్చిన అమ్మా. ఇప్పుడే."