బోర్డు కింద ఖాళీ గడి

మేడమెట్లు ఎక్కుతూ ఆవిడ రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా దగ్గింది. ఆ దగ్గు విని ఇవాన్ లేచి తలుపు తీసేసరికి ఎదురుగా ఇద్దరు ముసలమ్మలు. ఒకామె చేతిలో స్టీలు క్యారియరు ఉంది. తెల్లచీర కట్టుకున్న రెండో ఆమె మెళ్లో సన్నటి సిలువ, చేతిలో మొదటామె మణికట్టు.

"డిటెక్టివమ్మ ఉండేది ఈడేనాప్పా?" అంది క్యారియరు ఆవిడ, ఊపిరి కూడదీసుకుంటూ.

"ఈడేనమ్మా. రండి, కూర్చోండి."

మదనపల్లె టమోటా మార్కెట్ యార్డుకు పోయే దారిలో, పట్టుదారం కొట్టు మీద ఉంది ఉషారాణి ఆఫీసు. నలభై దాటిన మనిషి. కంటపడ్డ అక్షరాన్ని చదవకుండా వదలదు. బస్సు టిక్కెట్టు వెనక ప్రకటన, మిఠాయి డబ్బా అంచు, సులభ్ కాంప్లెక్సు గోడ, ఏదైనా సరే. ఇవాన్ ఆమెకంటే పదేళ్లు పెద్ద. మందుల కంపెనీ ఉద్యోగం మానేసినవాడు. పోయిన తన మోటారు సైకిలును ఆవిడ ఒక పార్కింగు చీటీ చదివి పట్టుకొచ్చిన నాటి నుంచీ ఆ ఆఫీసును పట్టుకుని వేలాడుతున్నాడు. జీతం సంగతి ఇంతవరకూ అతను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

"నా పేరు బయ్యమ్మ. పుంగనూరు మిషన్ ఆసుపత్రి గేటు పక్కన సంగటి కొట్టు నాది," అంది క్యారియరు ఆవిడ. "ఈమె కృపమ్మ సిస్టరు. ఆ ఆసుపత్రిలోనే నర్సుగా చేసి రిటైరయింది. నా స్నేహితురాలు. నేను ఒక్కదాన్నే వస్తానంటే వినకుండా ఎంటబడి వచ్చింది."

"నువ్వు మాట్లాడద్దు. ముందు నీళ్లు తాగు. ఆనక ఊపిరి పీల్చు," అంది కృపమ్మ.

బయ్యమ్మ నీళ్లు తాగి, కొంగులోంచి ఫోను తీసి ఒక ఫొటో చూపించింది. కొట్టు గుంజకు కొట్టిన ఫ్లెక్సీ బోర్డు. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు.

పొయ్యి వెంటనే ఆర్పవలెను.
కట్టెలు, బొగ్గులు తీసివేయవలెను.
సామాను స్వయంగా మోయరాదు. మనిషిని పెట్టి మోయించవలెను.
ఆదివారం లోపల స్థలము ఖాళీ చేయవలెను.
మీరినచో కఠిన చర్యలు తీసుకొనబడును.
ఆదేశానుసారము.

కింద ఎడమ మూలన చిన్న గడి ఒకటి ఖాళీగా ఉంది. పేరు లేదు, ముద్ర లేదు.

"ఎవరి ఆదేశం?" అంది ఉషారాణి.

"అది తెలిస్తే ఇంత దూరం యాల వస్తానమ్మా? మంగళవారం తెల్లారి కొట్టుకు పోతే ఇది ఉండాది. అప్పుడే పొయ్యి ఆర్పేసినా."

"ఎవర్నీ అడగలేదా?"

"మనిషయితే నాలుగు మాటలు అడగొచ్చు. బోర్డునేం అడిగేది?" అంది బయ్యమ్మ. "కొట్టు పోతే పోనీలే అనుకుంటా ఒక్కోసారి. నా చేతి సంగటి తిన్నోళ్లల్లో ఎవరికో నేను కానిదాన్నయినానే, వాళ్లెవరో తెలవాల. నా దగ్గరికి వచ్చే ప్రతి మొగాన్నీ సూసి, ఈడేనా, ఈడేనా అనుకుంటాండా. అట్ల బతకడం నా వల్ల కాదు."

కృపమ్మ తల తిప్పి కిటికీలోంచి కింద పోతున్న టమోటా లారీల వైపు చూసింది. స్నేహితురాలి చెయ్యి మాత్రం వదల్లేదు.

"ఎవరిమీదైనా అనుమానం ఉందా పెద్దమ్మా?" ఇవాన్ అడిగాడు.

"ఇద్దరి మీద ఉండాది. క్యాంటీను మహేష్ ఆ జాగా మీద కన్నేసినాడని అందరూ అంటారు. ఇంకోడు ఆసుపత్రి మేనేజరు విక్టర్ సారు. గేటు పక్కన పొగేందని ఒకసారి ముక్కు మూసుకున్నాడు."

ఉషారాణి ఫొటోను పెద్దది చేసి చూస్తూ ఉండిపోయింది. క్యారియరులో వేడి సంగటి, చెనిక్కాయలతో నూరిన ఊరిబిండి పచ్చడి ఉన్నాయి. ఇంటి పొయ్యి మీద చేసి తెచ్చానంది బయ్యమ్మ. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్న ఇవాన్‌కు మాత్రం ఆ క్షణాన నేరస్థుడు ఎవరైనా సరే, ఉరి తియ్యాలనిపించింది.

మర్నాడు పొద్దున ఉషారాణి, ఇవాన్ పుంగనూరులో దిగేసరికి కొట్టు చల్లగా ఉంది. తమవాళ్లను ఆసుపత్రిలో చేర్చిన పల్లెటూరి వాళ్లు వస్తున్నారు, బోర్డు చూస్తున్నారు, వెనక్కి పోతున్నారు. ఉషారాణి బోర్డు దగ్గర కూర్చుని కింది అంచును వేలితో తడిమింది. ఫ్లెక్సీ అడుగు భాగం వెనక్కి మడిచి మేకులు కొట్టారు. మడత విప్పితే బుల్లి అక్షరాల్లో 'నీరజ గ్రాఫిక్స్, కుప్పం' అని ఉంది.

"ఫ్లెక్సీ వాళ్లు తమ పేరు వేసుకోకుండా దేన్నీ వదలరు," అంది నవ్వుతూ.

ముందు మహేష్‌ను పలకరించారు. క్యాంటీను కౌంటరు వెనక గళ్ల లుంగీలో నిలబడి ఉన్నాడు.

"కుప్పానికి పోతుంటావా?" అడిగాడు ఇవాన్, కళ్లు చిన్నవి చేసి.

"మా అత్తగారిల్లు ఆడే. వారం వారం పోతా. ఏం సార్, తప్పా?"

"బయ్యమ్మ జాగా నీకు కావాలట కదా!"

"నాకా? నా క్యాంటీన్లో సగం బల్లలు ఖాళీగా ఉండాయి, ఇంకా జాగా దేనికి? సార్, ఒక మాట సెప్తా, బయట సెప్పొద్దు. నేను వండింది నేను తినను. రోజూ మధ్యాహ్నం ఆ ముసిల్దాని కొట్లోనే తింటా. మంగళవారం నుంచి నా వంట నేనే తింటాండా. కడుపు సూడండి ఎట్లయిందో!"

విక్టర్ గదిలో అన్నీ ఎక్కడివక్కడ సర్ది ఉన్నాయి. ఆయన వెనక గోడ మీద నాలుగు నోటీసులు, ప్రతిదానికీ నంబరు, తేదీ, గుండ్రటి ముద్ర, దాని మీద ఆయన పొడుగాటి సంతకం.

"మేమేమీ పెట్టలేదు మేడమ్. పొగ ఇబ్బందే, కాదనను. కానీ పేషెంట్ల తాలూకు వాళ్లు సగం మంది ఆమె సంగటి మీదే బతుకుతారు. పోయిన నెల మీటింగుకు కుప్పం వెళ్లినప్పుడు కూడా ఆమె కొట్టు గురించి మంచే చెప్పాను."

'కుప్పం' అన్న మాట వినగానే ఇవాన్ ఉషారాణి వైపు చూశాడు. ఆవిడ గోడ మీది సంతకాల వైపు చూస్తోంది.

బస్టాపులో పలమనేరు బస్సు కోసం నిలబడ్డారు. పక్కన ఒక పెద్దాయన ఆసుపత్రి నుంచి ఇంటికి పోతూ, చేతిలో అట్ట కార్డు పట్టుకుని ఉన్నాడు. ఇంట్లో ఎలా ఉండాలో నర్సులు రాసిచ్చే కార్డు అది.

"ఒకసారి ఇస్తారా పెద్దాయనా?" అని ఉషారాణి తీసుకుంది. చదివింది. మళ్లీ చదివింది. బస్సు వచ్చి హారన్ కొడితే తప్ప తిరిగి ఇవ్వలేదు.

"ఏముంది మేడమ్ అందులో?" అన్నాడు ఇవాన్, సీట్లో ఇరుక్కుంటూ.

"మీరూ చూశారుగా."

"చూశాను. ఉప్పు తగ్గించాలట."

ఆవిడ నవ్వింది.

కుప్పంలో నీరజ గ్రాఫిక్స్ బస్టాండు వెనక సందులో ఉంది. నీరజ చలాకీ పిల్ల, కంప్యూటరు మీంచి చెయ్యి తియ్యకుండానే మాట్లాడింది.

"బాగా గుర్తుండాది మేడమ్. పుంగనూరు నుంచి బస్సు కండక్టరు చేతికి కవరిచ్చి పంపినారు. ఆసుపత్రి గేటు కాడ ఎవరో ఇచ్చినారంట, ఆయనా పట్టించుకోలేదు. నేను అన్ని నోటీసుల మాదిరే పైన 'విషయం' అని పెట్టి, మ్యాటరంతా ఒకే పేరాగా కొట్టి, ప్రూఫు పంపినా. అంతా కొట్టేసి వెనక్కి పంపినారు! ఒక వరసలో ఒకే సంగతి ఉండాలంట. మొదటి వరస అన్నింటికంటే పెద్దగా ఉండాలంట. స్థలం ఖాళీ చేసేది మాత్రం సన్నగా వేసినా ఫర్వాలేదంట."

"మరి ఆ గడి?"

"అదే నాకూ అర్థం కాలే. దేనికని చీటీ రాసి అడిగినా. 'అది ఉండాల్సిందే, ఖాళీగా వదులు' అని రాసినారు."

తిరుగు బస్సులో ఇవాన్ నోటు పుస్తకంలో మహేష్ పేరు కింద గీత గీశాడు. కొట్టేశాడు. విక్టర్ పేరు కింద గీశాడు. అదీ కొట్టేశాడు.

"ఇవాన్ గారూ," అంది ఉషారాణి మెల్లగా, "ఈ కేసులో నేరస్థుణ్ణి పట్టుకోవడం కష్టం కాదు. పట్టుకున్నాక ఆ ఇద్దరూ స్నేహితులుగా మిగలాలి. కష్టం అక్కడుంది."

ఏ ఇద్దరో ఇవాన్‌కు అప్పుడు అర్థం కాలేదు.

శనివారం మధ్యాహ్నం అందరూ కొట్టు ముందు చేరారు. విక్టర్ రుమాలుతో బెంచీ తుడుచుకుని కూర్చున్నాడు. మహేష్ గుంజకు ఆనుకున్నాడు. ఆరిన పొయ్యి పక్కన బయ్యమ్మ, ఆమెకు ఆనుకుని కృపమ్మ.

"ఈ బోర్డు చూసి అందరూ భయపడ్డారు," ఉషారాణి మొదలుపెట్టింది. "నీలం రంగు, తెల్ల అక్షరాలు, 'చేయవలెను', 'తీసుకొనబడును'. సర్కారు వేషం వేసుకుని వచ్చింది. ఆ వేషం తీసి చూద్దాం. విక్టర్ గారి గదిలో నాలుగు నోటీసులు ఉన్నాయి. అన్నిటికీ సంతకం, ముద్ర. నిజంగా అధికారం ఉన్నవాళ్లు పేరు దాచుకోరు, వీలైతే ఇంకాస్త పెద్దగా రాసుకుంటారు."

విక్టర్ గొంతు సవరించుకున్నాడు.

"కాబట్టి ఇది ఆఫీసుది కాదు. సరే, జాగా కావాల్సినవాళ్లు పెట్టారా? అక్షరాల సైజు చూడండి. జాగా మీద కన్నున్నవాడు 'స్థలము ఖాళీ' అన్నది ఎక్కడ రాస్తాడు?"

"నెత్తి మీద. ఇంతింత లావున," అన్నాడు మహేష్ చేతులు చాపి.

"ఇక్కడ అది అన్నిటికంటే చిన్నది. అన్నిటికంటే పెద్దది 'పొయ్యి ఆర్పవలెను'. రాసిన వాళ్లకు జాగా అక్కర్లేదు. ఈ పొయ్యి ఆరితే చాలు. ఇప్పుడు మూడో వరస. 'సామాను స్వయంగా మోయరాదు.' ఇవాన్ గారూ, మనిషిని ఖాళీ చేయించేవాడు, ఆ మనిషి నడుము గురించి ఆలోచిస్తాడా?"

ఇవాన్ నోరు తెరిచాడు. అతని కళ్లముందు మణికట్టు పట్టుకున్న ఒక చెయ్యి మెదిలింది. అది ఊరికే పట్టుకోవడం కాదు. వేళ్లు నాడి మీద ఉన్నాయి.

"ఒక వరసకు ఒక పని. ముఖ్యమైనది ముందు. చూపు సరిగా లేనివాళ్లకు కూడా కనపడేలా పెద్ద అక్షరాలు. చెయ్యాల్సింది ముందు, చెయ్యకూడనిది దాని తర్వాత. ఇలా రాసే కాగితం ఈ ఆసుపత్రిలో ఒకటే ఉంది. ఇంటికి పోయే రోగి చేతికిచ్చే కార్డు. దాని కింద ఎడమ మూలన కూడా ఇలాంటి గడే ఉంటుంది." ఉషారాణి గొంతు తగ్గించింది. "ఇది ఖాళీ చెయ్యమనే నోటీసు కాదు పెద్దమ్మా. నీకు రాసిన వైద్యం. సిస్టరమ్మా, మిగతాది మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

కృపమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఆమె రొమ్ములో గురగుర నా చెవికి వినపడతాంది," అంది. "ఎన్నేండ్లుగా సెప్తాండా! పొగలో కూర్చోవద్దు, ఎక్స్‌రే ఫొటో తీయించుకో, డాక్టరుకు సూపించుకో. నవ్వి, ఇంకో ముద్ద పెట్టేది. నా మాటకు నవ్వింది. బోర్డు మాటకు ఒక్క దినంలో పొయ్యి ఆర్పింది. కొట్టు ఖాళీ అని రాయకపోతే నమ్మదని అదీ రాసినా. ఊపిరి నిలిస్తే చాలనుకున్నా." ఆమె బయ్యమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "మదనపల్లెలో ఈమె 'ఈడేనా, ఈడేనా' అన్న మాట విన్నాక మాత్రం నాకు నిద్ర లేదు. ఒప్పుకుందామంటే నోరు రాలేదు."

బయ్యమ్మ పొయ్యిలోంచి చల్లటి బొగ్గు ఒకటి తీసి కృపమ్మ మీదికి విసిరింది. అది తెల్లచీర మీద మచ్చ చేసి కిందపడింది.

"ఏమ్మే! నువ్వు తిడితే నాకు కోపం వస్తాది, ఆనక నవ్వొస్తాది. నువ్వని తెలుసు కాబట్టి. ఇది ఎవరో తెలీకనే గదా నేను చచ్చింది! పాపం ఈ మహేష్‌ను కూడా దొంగను సూసినట్టు సూస్తి."

"సూసినావు," అన్నాడు మహేష్. "నా కడుపు కూడా మాడ్చినావు."

"పేరు పెట్టుంటే?" అంది కృపమ్మ చిన్నగా.

"పేరు పెట్టుంటే సించి పొయ్యిలో పెట్టుందును." బయ్యమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వు దగ్గయి, అలాగే సాగింది. ఆగేసరికి ఆమె కళ్లల్లో నీళ్లు. వీపు మీద కృపమ్మ చెయ్యి. ఆ దగ్గును ఈసారి అందరూ విన్నారు. బయ్యమ్మ కూడా విన్నది.

మహేష్ లేచాడు. "నా దగ్గర పాత గ్యాసు స్టవ్వు ఒకటి ఉండాది. తెస్తా."

"గ్యాసు మీద సంగటా? రుచి యాడ వస్తాదిరా?"

"రాకపోతే నన్ను తిట్టు," అంది కృపమ్మ.

"తిడతా. రోజూ తిడతా."

విక్టర్ లేచి, ఎక్స్‌రే గది ఇంకో గంట తెరిచే ఉంటుందని, తనే దగ్గరుండి తీసుకుపోతానని చెప్పాడు. బయ్యమ్మ కొంగు దులుపుకుని లేచింది. బోర్డు దగ్గర ఆగి, వంగి, ఖాళీ గడి మీద వేలు పెట్టింది.

"ఇంతకీ ఈడ ఏం రాస్తారు మే?"

"రోగి తాలూకు మనిషి సంతకం పెట్టాల," అంది కృపమ్మ. "ఇంటికి తీసుకుపోయి నేను సూసుకుంటానని. అది లేకుండా వార్డులో ఎవర్నీ వదలం. చెయ్యి అలవాటు, గీసేసినా."

"మరి యాల ఖాళీగా వదిలినావు?"

కృపమ్మ చీర మీది బొగ్గు మచ్చను వేలితో రుద్దుకుంది.

బయ్యమ్మ ఇవాన్ జేబులోంచి పెన్ను లాగి, స్నేహితురాలి చేతిలో పెట్టింది. "నాకు ఇంకెవరుండారు? పెట్టు."

కృపమ్మ బోర్డు ముందు గొంతుక్కూర్చుంది. ఫ్లెక్సీ మీద పెన్ను జారింది. రెండోసారి గట్టిగా వత్తి, గడి నిండా తన పేరు రాసింది.