మూడో పిలుపు లేని రాయి

తమిళనాట ఉడుమలైపేట నుంచి కొబ్బరితోటల మధ్యగా మల్లమనాయకనూరికి పోతుంటే, ఊరు అల్లంత దూరాన ఉందనగా ఒక రాయి కనిపిస్తుంది. మిలిటరీ రాయి అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి పోయి తిరిగిరాని ఆ ఊరివాళ్ళ పేరిట తెల్లదొరలు నాటించిన రాయి అది. ఇంగ్లీషులో ఏదో చెక్కించారు గానీ, ఊళ్ళోని తెలుగు ఆడవాళ్ళు దాన్ని వీరుడి గుడి కింద జమకట్టి, పసుపు పూసీ పూసీ అక్షరాలే కనిపించకుండా చేశారు. పగలైతే దణ్ణం పెడతారు. చీకటి పడితే మాత్రం ఎంత మొనగాడైనా అక్కడ బండి వేగం పెంచాల్సిందే.

ఎందుకంటే... ఆ రాయి పిలుస్తుంది.

రెండుసార్లే పిలుస్తుంది. దెయ్యానికి మూడో పిలుపు ఉండదని ఆ ఊరి నమ్మకం. అందుకే పొద్దు గూకాక ఎవరు పిలిచినా, కన్నతల్లే పిలిచినా, మూడోసారి పిలిచేదాకా పలకరు.

ఆ రాయి పిలుపు వెనక ఒక ఘోరం ఉంది. చెన్నకేశవన్ అనే కుర్రాడు యుద్ధంలో చచ్చిపోయాడని కబురొచ్చింది. ఇంట్లోవాళ్ళు ఏడ్చి, కర్మలు చేశారు. రాయీ నాటారు. ఆ తర్వాత చాన్నాళ్ళకు, ఒక రాత్రి, అతను నడిచొచ్చాడు! ఎక్కడ చెరలో మగ్గాడో, ఏం తిని బతికాడో... సొంత ఇంటి తలుపు ముందు నిలబడి, "అమ్మా..." అన్నాడు.

లోపల తల్లి నోరు నొక్కుకుంది.

"అమ్మా..."

ఇంటిల్లిపాదీ మూడో పిలుపు కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. అది రాలేదు. పిలిచే ఓపిక లేకపోయింది పాపం. తెల్లవారి చూస్తే మిలిటరీ రాయిని ఆనుకుని పడి ఉన్నాడు. ఒళ్ళింకా పూర్తిగా చల్లబడలేదు.

ఇంత జరిగాక ఆ నమ్మకం చావాలా? చావలేదు. ఇంకా గట్టిపడింది!

సరే, ఆ చెన్నకేశవన్ ఇంటికే ఈ మధ్య కోడలిగా వచ్చింది కర్పగం. కొబ్బరిపీచు మిల్లులో పని. పోయిన వానల్లో ఒకరోజు మిల్లు బస్సు రోడ్డు మీద దింపేసి పోతే, కరెంటు లేని చీకట్లో ఇంటికి నడుస్తోంది. రాయి దగ్గరికి రాగానే —

"కర్పగం..."

కొంగు తల మీదికి లాక్కుంది. తిరిగి చూడలేదు.

"కర్పగం..."

అచ్చం మొగుడు జీవ గొంతే! తెలిసినవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందని అత్త కృష్ణమ్మాళ్ ఎన్నిసార్లు హెచ్చరించలేదు? అలాగే నిలబడి మూడోదాని కోసం చూసింది. కొబ్బరాకుల మీద చినుకుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఒకటే పరుగు.

ఇల్లు చేరేసరికి అత్త వాకిట్లోనే ఉంది. "ఒక్కదానివే వచ్చినావేమ్మే? వానగా ఉండాది, నిన్ను పిలుచుకొని వస్తానని వాడు బండి ఎత్తుకొని పోయినాడే!"

కర్పగం ఫోన్ చేసింది. మోగుతోంది... ఎత్తడంలేదు.

"అత్తా... రాయి కాడ నన్ను పిలిచినాడత్తా. నేను... నేను పలకలా!"

కృష్ణమ్మాళ్ కోడలి చెయ్యి పట్టేసుకుంది. "పోవద్దే! అది వాడు కాదు. తెల్లారినాక పోదాము."

"ఆ చెన్నకేశవన్ తాతను చూసేకి కూడా తెల్లారినాకే కదా పోయినారు మీ ఇంట్లో!"

చెయ్యి విదిలించుకుని పరుగెత్తింది. చెప్పులు బురదలో ఊడిపోయాయి. రాయి దగ్గరికొచ్చి, పసుపు ముద్దలా ఉన్న దాన్ని రెండు చేతులా పట్టుకుని గొంతు చించుకుంది.

"పలుకుతుండానయ్యా! వచ్చినాను! ఇంకో తూరి పిలువు... ఒక్క తూరి!"

ఏడుస్తూనే మళ్ళీ ఫోన్ నొక్కింది. రాయి వెనక, వాగు గట్టు కింద... సన్నగా మోత. వెలుగు.

బండి కింద నలిగిపోయి ఉన్నాడు జీవ. ముఖమంతా నెత్తురు. ఊపిరి మాత్రం ఆడుతోంది.

ఉడుమలైపేట ఆస్పత్రిలో విరిగిన దవడకు తీగెలు బిగించి నోరు కట్టేశారు. బతుకుతాడన్నారు. స్పృహ రాగానే కర్పగం అతని కాళ్ళు పట్టుకుని బావురుమంది. "నువ్వు పిలిస్తే పలకలేదయ్యా, పాపిని!"

జీవ ఆమె వైపు వింతగా చూశాడు. మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

తను పిలవలేదట.

"ఎట్ల పిలుస్తాడమ్మా?" అన్నాడు డాక్టరు. "పడినప్పుడే దవడ పోయింది. స్పృహ కూడా లేదు."

కర్పగం ఏడుపు ఆగిపోయింది. మరి... తన మొగుడు చచ్చిపోతున్నాడని తనకు చెప్పిందెవరు?

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మొదటి రాత్రి, సన్నటి వాన. దీపాలు ఆర్పేశారు. తీగెలు కట్టిన నోటితో జీవ పక్కనే నిద్రపోతున్నాడు. తలుపు అవతల —

"కర్పగం..."

అదే గొంతు. కర్పగం లేచి కూర్చుంది.

చీకట్లోంచి అత్త గుసగుస. "పలకొద్దే... మూడోది రానీ..."

"కర్పగం..."

రెండో పిలుపు మొదటిదానికంటే నీరసంగా ఉంది. నడిచీ నడిచీ అలిసిపోయినవాడి గొంతు. కర్పగానికి దుఃఖం పొంగుకొచ్చింది. ఎవరూ పలకని ఈ గొంతు, తన మొగుడి కోసం తనని పిలిచింది. చెంబులో నీళ్ళు ముంచుకుంది. అత్త కొంగు పట్టి లాగుతున్నా గడియ తీసి, తలుపులు బార్లా తెరిచింది.

"వచ్చినావా తాతా... లోపలికి రా."

వాకిట్లో ఎవరూ లేరు. వాన వెలిసింది. చెంబు పట్టుకుని అలాగే నిలబడింది.

అప్పుడు వినిపించింది మూడో పిలుపు. బయటి నుంచి కాదు... వెనక నుంచి, ఇంట్లోంచి, జీవది కాని గొంతుతో —

"అమ్మా..."