జూలైలో పూసిన పీచ్ కొమ్మలు

ఎండ గోడ మీదికి రాగానే మేం ముగ్గురం ఉన్ని దుప్పట్లు కప్పుకుని వాకిట్లోకి వచ్చి కూర్చున్నాం. అవ్వ, అవ్వ మనవరాలు దినేయో, పక్కింట్లో ఉండే నేను. గోడకు వీపు ఆనిస్తే కాస్త వెచ్చదనం ఒంటికి పట్టింది.

జూలై నెల. దక్షిణాఫ్రికా నడుమ ఉన్న మా లెసోతో దేశంలో అది చలికాలం నడిమధ్య. కొండల నెత్తిన మంచు. తోటలో చూడటానికి ఏమీ లేదు. అయినా అవ్వ చేతికర్రతో ఉత్త మట్టిని చూపించి, పోయినేడు అక్కడ ఐరిస్ పూలు ఎంత ఊదాగా పూశాయో చెప్పింది. ఊదా కాదు, నీలం అన్నాను నేను. అవ్వకు కోపం వచ్చింది.

ఇంకా మొలకైనా రాని పువ్వు రంగు మీద ఇద్దరం అరగంట పోట్లాడుకున్నాం. ఆలు లేదు చూలు లేదు అన్నట్టుంది మా యవ్వారం. ఏం చేస్తాం? చలికాలంలో తోటమనుషుల బతుకే అంత. చేతులకు పని ఉండదు, ఉన్న పనంతా నోటికే.

దినేయో మా గొడవలో చేరలేదు. దానికి పదేళ్ళు. జేబులోంచి ఎండు పీచ్ ముక్క తీసి నములుతూ, వాకిట్లో ఆకుల్లేకుండా నిలబడ్డ పీచ్ చెట్టువైపే చూస్తోంది.

"పిన్నీ, అదెప్పుడు పూస్తుంది?" అని అడిగింది. ఆ రోజుకి అది నాలుగోసారి.

ఆగస్టు చివర్లో అన్నాను. ఇంకా ఏడెనిమిది వారాలు. దాని ముఖం వాడిపోయింది.

ఎందుకో నాకు తెలుసు. వాళ్ళమ్మ మాదినేయో మసేరు పట్నంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఫ్యాక్టరీలో పని చేస్తుంది. మా వైపు ఆడవాళ్ళని తొలి బిడ్డ పేరుతోనే పిలుస్తారు. దినేయో తల్లి మాదినేయో. లెఫా తల్లిని కాబట్టి నేను మాలెఫాని. నా అసలు పేరు నాకే సరిగా గుర్తులేదు.

క్రిస్మస్ కాక, మాదినేయోకి ఏడాదికి నాలుగే రోజులు సెలవు. ఆ నాలుగు రోజులూ పీచ్ చెట్టు పూసినప్పుడే వాడుకుంటుంది. అప్పటికి నేల మెత్తబడుతుంది. అవ్వ మోకాళ్ళు వంగవు కాబట్టి మడులన్నీ తనే తవ్వి, పూల దుంపలు నాటి వెళ్తుంది. ఆ చెట్టు కూడా మాదినేయో తన కూతురంత ఉన్నప్పుడు టెంక పాతి పెంచిందే.

మాదినేయో ప్రతి ఆదివారం నా ఫోనుకి ఫోన్ చేస్తుంది. ఊరి పైన నల్లబండ దగ్గర మాత్రమే సిగ్నల్ అందుతుంది. అక్కడ నిలబడి దినేయో ఎప్పుడొస్తావని అడుగుతుంది. అవతలి నుంచి ఎప్పుడూ ఒకటే జవాబు.

"పీచ్ చెట్టు పూయగానే వస్తానమ్మా."

పెద్దవాళ్ళం మామూలుగా ఓ మాట అంటాం. పిల్లలు ఆ మాట పట్టుకుని లెక్కలు కడతారు. చెట్టు పూస్తే అమ్మ వస్తుంది. అయితే చెట్టు తొందరగా పూస్తే అమ్మ తొందరగా వస్తుంది కదా.

రెండు రోజుల తర్వాత దినేయో మా ఇంటికి వచ్చింది. చేతిలో మూడు పీచ్ కొమ్మలు. ఒక్కోటి మూరెడు పొడవు, బిగుసుకున్న మొగ్గలు ఒంటినిండా. గాలికి విరిగాయంది. మా ఊరి గాలి పైకప్పు రేకులనే లేపేస్తుంది, కొమ్మలొక లెక్కా అనుకుని నమ్మేశాను.

టాక్సీ స్టాప్ దగ్గర అమ్మడానికి నేను రోజూ రొట్టెలు కాలుస్తాను. అందుకని మా పొయ్యి పొద్దస్తమానం వెచ్చగా ఉంటుంది. దినేయో ఓ పాల డబ్బాలో గోరువెచ్చటి నీళ్ళు పోసి, కొమ్మలు నిలబెట్టి, పొయ్యి పక్కన పెట్టింది. పూలు వచ్చేదాకా అవ్వకు చెప్పొద్దని బతిమాలింది.

నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటారు. అయినా ఆ సంగతి మూడు వారాలు దాచాను. ఎందుకంటే నాకూ పూలు చూడాలని ఉంది. ఒంటరిగా రొట్టెలు కాల్చుకునే మనిషికి చలికాలం చాలా పొడుగ్గా ఉంటుంది పిల్లలూ.

దినేయో రోజూ వచ్చి నీళ్ళు మార్చేది. మొగ్గలు లావెక్కాయి. కొసన గులాబీ రంగు కనిపించింది. ఒక పొద్దున పిండి పిసుకుతూ తలెత్తేసరికి, మొదటి పువ్వు విచ్చుకుని ఉంది. అలా చూస్తూ ఉండిపోయాను. ఆ రోజు రెండు రొట్టెలు మాడిపోయాయి.

మర్నాటికి మూడు కొమ్మలూ పూశాయి. వాళ్ళమ్మకు చూపిస్తానని దినేయో ఫోన్ అడిగింది. కిటికీ ముందు కొమ్మని నేనే పట్టుకున్నాను. డబ్బా, పొయ్యి ఏవీ కనపడకుండా అది ఫోటో తీసింది. వెనక నీలం ఆకాశం, ముందు పూలు. ఫోన్ తీసుకుని ఒక్కతే నల్లబండ దగ్గరికి పరిగెత్తింది. ఏం రాసి పంపిందో నేను చూడలేదు. చూడాల్సింది.

తర్వాతి శనివారం తెల్లారేసరికి మడమల లోతు మంచు పడింది. టాక్సీలు తారు రోడ్డు దగ్గరే ఆగిపోయాయి. నెత్తిన పెద్ద సంచీతో ఎవరో దారి వెతుక్కుంటూ పైకి నడిచి వస్తున్నారు. ఆ నడక చూసి గుర్తుపట్టాను. మాదినేయో.

దినేయో దుప్పటి కూడా లేకుండా పరిగెత్తింది. తల్లి సంచీ కింద పెట్టి దాన్ని ఎత్తుకుంది. ఇద్దరూ మంచులో గుండ్రంగా తిరిగారు. తర్వాత మాదినేయో కూతుర్ని చంకనేసుకునే పీచ్ చెట్టు కిందికి వచ్చి, తలెత్తి చూసింది.

నల్లటి కొమ్మలు. వాటి మీద మంచు.

"పూలేవే?" అంది.

దినేయో తల్లి మెడలో ముఖం దాచుకుంది. ఎక్కడున్నాయో నేనే చెప్పాల్సి వచ్చింది.

మా వంటింట్లో డబ్బా ముందు బోర్లించిన బకెట్ మీద కూర్చుంది మాదినేయో. అప్పటికే సగం రేకులు పొయ్యి పక్కన రాలి గోధుమరంగు తిరిగిపోయాయి. తను ఫోన్ తీసి మెసేజ్ చూపించింది. 'అమ్మా, పీచ్ చెట్టు పూసింది. వచ్చేయ్.' దాన్ని నమ్మి, సూపర్‌వైజర్ని బతిమాలి, సెలవు ముందుకు జరిపించుకుని వచ్చింది.

"మా కుట్టుమిషన్ల లైన్‌లో ముప్పై మంది ఉన్నాం మాలెఫా. ఈ ఫోన్ అందరి చేతులూ తిరిగింది. పై కొండల నుంచి వచ్చిన ఒకావిడైతే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

అంతలో అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. కొమ్మలు గాలికి విరిగాయట అని నేను సర్దబోయాను.

"గాలి చేతికి కత్తి ఎవరిచ్చారే?" అంది అవ్వ.

అవ్వకు మొదటిరోజే తెలుసు. విరిగిన కొమ్మకి పీచు లేస్తుంది, కోసిన కొమ్మ నున్నగా ఉంటుంది. చెట్టుకి తగిలిన ఆ మూడు గాట్ల మీదా పేడ మెత్తి, మనవరాలు తనంతట తనే చెబుతుందని మూడు వారాలుగా ఎదురుచూస్తోంది. కోసిన కొమ్మలు డబ్బాలో పూస్తాయి గానీ కాయవు కదా. పోయినేడు ఆ కొమ్మలకి కాసిన పండ్లే బుట్టెడు ముక్కలై ఎండాయని చెప్పింది. దినేయో చెయ్యి మెల్లగా తన జేబు మీదికి వెళ్ళింది. అందులో ఉన్నవి ఆ ముక్కలే.

అబద్ధం ఆడను, ఆ నాలుగు రోజులూ దినేయో సంతోషంగానే ఉంది. తల్లి దుప్పట్లోనే పడుకుంది. తల్లి చేత జడలు అల్లించుకుంది. మొక్కజొన్న సంకటి తల్లి చేత్తోనే తింది. అన్ని నెలలుగా కరువున్న పిల్ల, కాదనేదెవరు?

కానీ మాదినేయో తోటలో పార వేస్తే ఖంగుమంది. గడ్డకట్టిన నేల ఇనుములా ఉంది. రెండు గంటలు కష్టపడితే కంచమంత గుంట పడింది. ఫ్యాక్టరీలో దొరికిన జీన్స్ పీలికల్లో చుట్టి తెచ్చిన డాలియా దుంపలు, చుట్టినవి చుట్టినట్టే మంచం కిందికి వెళ్ళిపోయాయి.

బయల్దేరే రోజు టాక్సీ స్టాప్ దాకా నేనూ వెళ్ళాను. టాక్సీ కోసం నిలబడి ఉండగా దినేయో తల్లి చెయ్యి ఊపుతూ అడిగింది.

"మళ్ళీ చెట్టు నిజంగా పూసినప్పుడు వస్తావుగా?"

పిచ్చిపిల్లకి ఇంకా అర్థం కాలేదు.

మాదినేయో దాని ముందు కూర్చుని, దుప్పటి జారకుండా పెట్టిన పిన్ను సరిచేసింది. "సెలవులు అయిపోయాయి తల్లీ. ఇక క్రిస్మస్‌కే."

"మరి పూలు?"

"మా ఫ్యాక్టరీ కిటికీలకు తెల్లరంగు వేసేశారు. బయటేముందో కనపడదు. చలికాలమంతా ఆ చెట్టు కింద కూర్చున్నట్టు అనుకుంటూ కుడతాను. ఈ ఏడు అది నేను లేకుండానే పూస్తుంది."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే దినేయో అంతలా ఏడ్చేది కాదేమో. అమ్మ కోసం తను ఎదురుచూసినట్టే, అమ్మ కూడా చెట్టు కోసం ఎదురుచూస్తోందని అది ఎప్పుడూ అనుకోలేదు. నిజం చెప్పాలంటే, నేనూ అనుకోలేదు. టాక్సీ మలుపు తిరిగేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అంటారు. దినేయో ఆకులు పట్టుకోలేదు, పార పట్టుకుంది.

బడి తెరిచారు. మంచు కరిగింది. ఆగస్టు మూడో వారానికి నేల కాస్త మెత్తబడింది. ఒక సాయంత్రం బడి నుంచి వస్తూనే దినేయో సంచీ గోడకి ఆనించి, తనకన్నా పొడుగున్న పార తీసింది. ఎవరూ చెప్పలేదు. అవ్వ ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, ఇక్కడ లోతు చాలదు, అక్కడ రాయి ఉంది అని కర్రతో చూపించింది. మొదటిరోజు ఒక మూల మాత్రమే అయింది. అరచేతుల్లో బొబ్బలు లేచాయి. మర్నాడు గుడ్డ చుట్టుకుని మళ్ళీ వచ్చింది. పది రోజుల్లో మడులన్నీ తవ్వి, పీలికలు విప్పి దుంపలు నాటింది.

ఆ వారమే పీచ్ చెట్టు పూసింది. ఒక వైపు మూడు కొమ్మల మేర ఖాళీ ఉంది. మిగతా చెట్టంతా గులాబీ రంగు. తేనెటీగల మోత మా వంటింట్లోకి వినిపించింది. అవ్వ చెట్టు కింద నిలబడి కళ్ళు తుడుచుకుంది. ఏటా తుడుచుకుంటుంది. అడిగితే పొగ అంటుంది.

నేను ఫోన్ తెచ్చి దినేయోకి ఇచ్చాను, ఫోటో తీసి పంపమని. అది తీసుకోలేదు.

"ఫోటో వద్దు పిన్నీ. అమ్మ ఫోటో చూసేసింది."

పోనీ చిన్న రెమ్మ కోయి, టాక్సీ డ్రైవర్ చేత పంపుదాం అన్నాను. చూశారా, నాకు ఎంత జరిగినా బుద్ధి రాదు. దినేయో తల అడ్డంగా ఊపి పొలంగట్టు వైపు వెళ్ళిపోయింది.

వారం గడిచింది. రోజూ బడికి వెళ్ళేముందు చెట్టు కిందికి వచ్చి చూసి వెళ్ళేది. ఎనిమిదో రోజున రేకులు రాలడం మొదలైంది. దినేయో తన దుప్పటి విప్పి చెట్టు కింద పరిచింది. చలికి వణుకుతూ పక్కనే కూర్చుంది. ఒక్క కొమ్మనీ కదపలేదు. గాలి వచ్చినప్పుడల్లా పది, ఇరవై రేకులు దుప్పటి మీద పడ్డాయి.

అవి నలగకుండా ఏరి, నా దగ్గర రొట్టెలు చుట్టే కాగితం అడిగింది. రెండు కాగితాలు కావాలంది. రెండు పొట్లాలు ఎందుకో నాకు అర్థం కాలేదు.

అది టాక్సీ డ్రైవర్‌కి పొట్లాలు జాగ్రత్తగా అందించి, ఎండలో పెట్టొద్దని రెండుసార్లు చెప్పింది. పెద్ద పొట్లానికి దారంతో కట్టిన చీటీని నేను ఈసారి చదివాను.

'అమ్మా, ఇవి చెట్టు తనంతట తను రాల్చినవి. నేను కోయలేదు. మడులు తవ్వాను, నీ దుంపలు నాటాను. ఐరిస్ మొలకలు వచ్చాయి, ఏ రంగో అవ్వా పిన్నీ ఇంకా తేల్చుకోలేదు. చిన్న పొట్లం, ఫోన్ వాసన చూసినావిడకి ఇవ్వు.'