క్రీక్ ఒడ్డున వేపచెట్టు

రాడార్ ఇంజనీరు హనుమంతరాయుడిని కదిరి బస్టాండులో ఎవరో సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చేసి పోయారు. పోలీసులు వచ్చేసరికి ఆయన టీ గ్లాసు ఇంకా వేడిగానే ఉంది.

2006 ఆగస్టు. విత్తనం వేసిన రైతులు ఆకాశానికేసి చూసీ చూసీ మెడలు నొప్పి పుట్టించుకుంటున్న రోజులు. జీపులో చీఫ్ వనజాక్షి బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించింది.

"గోరంట్ల పక్కన కొండ మీద మన కొత్త రాడార్ ఉంది. పేరుకు మేఘాలను వెతికేది. మిసైళ్లను కూడా పట్టేస్తుంది. దాన్ని ఈ ఉదయం పదింటికి దుబాయ్ ముఠా ఒకటి పేల్చబోతోంది. బాంబు డీజిల్ జనరేటర్‌లో ఉందట. దుబాయ్‌లో పట్టుబడ్డ ముఠా మనిషి చెప్పాడు."

"ఇంకేమైనా ఉందా మేడమ్?"

"షిరీన్ ఇక్కడే ఉంది."

ఏజెంట్ జయచంద్ర కిటికీ వైపు తిరిగాడు.

"ఆమె ముఠాకూ పనిచేస్తుంది, మనకూ పనిచేస్తుంది. ఒక్క అబద్ధం దొరికినా ఆమెను నమ్మొద్దు. ఇది ఆర్డర్."

జయచంద్రది సోమందేపల్లె. 1997లో పెట్టుడు మీసంతో, వేరుశనగ ఎక్స్‌పోర్టర్ వేషంలో మొదటిసారి దుబాయ్‌లో దిగాడు. క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డున చెక్క పడవలు, మలయాళీ టీ కొట్టు, కొట్టు వెనక మోకాలెత్తు వేపమొక్క. తాగగా మిగిలిన నీళ్లు దానికి పోశాడు. కరువు సీమలో పుట్టినవాడు గ్లాసులో నీళ్లు వదిలి లేవలేడు. ట్రైనింగ్‌లో పేరు మార్చారు, నడక మార్చారు, ఆ అలవాటు మాత్రం మార్చలేకపోయారు.

"యాడప్పా మీది? అనంతపురం పక్కనా?"

పక్క టేబుల్ దగ్గర నల్ల కళ్లద్దాలు, ఎర్రటి స్కార్ఫ్, లిప్‌స్టిక్‌లో కెమెరా. ముఠా బాస్ సెక్రటరీ షిరీన్. తల్లి లేని ఆమెను పెంచిన ఆయా గోరంట్ల చిన్నక్క. అందుకే ఆ అందగత్తె నోరు తెరిస్తే గోరంట్ల సంతలో ఉన్నట్టుండేది. ఆ రోజు నుంచే ఆమె మనకు రహస్యాలు అందించడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచే జయచంద్ర ఆమెను ప్రేమించాడు, చెప్పలేదు.

2000లో వెళ్తే టీ కొట్టుకు అద్దాల తలుపు, ఏసీ వచ్చాయి. వేప అతని తల దాటింది. 2003లో మలయాళీ లేడు. తెలిసిన సందులన్నీ టవర్లు మింగేశాయి. దారి తప్పి తిరిగి తిరిగి చివరికి వేపను గుర్తుపట్టి, దాని నీడలో షిరీన్‌ను కలిశాడు. పోయిన ప్రతిసారీ ఆ ఊరు కొత్తదయ్యేది, అతను మరింత పరాయివాడయ్యేవాడు. ఆమె, ఆ చెట్టు మాత్రమే అతన్ని ఎరుగుదురు.

ఈ జనవరిలో వెళ్తే కొట్టు లేదు, చెట్టు లేదు. పెద్ద గొయ్యి, మీద క్రేన్లు. షిరీన్ కూడా రాలేదు. రోడ్డు మధ్య పచ్చగడ్డికి పైపులు నీళ్లు చిమ్ముతున్నాయి. సొంతూళ్లో తన బోరు ఎండిపోయింది. గొయ్యి అంచున నీళ్ల బాటిల్ పట్టుకుని, ఎక్కడ పోయాలో తెలియక ఏడ్చాడు. గూఢచారులు ఏడవకూడదని రూలేమీ లేదు.

కొండ మీద అతను జనరేటర్ మూత విప్పుతుండగా షిరీన్ రొప్పుతూ వచ్చింది.

"దీంట్లో ఏమీ లేదప్పా! నీళ్ల ట్యాంకర్లో ఉండాది. కొండ కిందికి వస్తాంది, పైకెక్కుతాది. బిరీన దిగు!"

"ట్యాంకర్‌ను చెక్‌పోస్టులో చూశారు."

"అడుగున ఉండాది. నీళ్లు పారబోసి చూసినారా?"

చూడలేదు. ఈ సీమలో ట్యాంకర్ నీళ్లు పారబోయడానికి ఏ పోలీసుకైనా చేతులెట్లా వస్తాయి? కానీ కిందికి దిగితే మళ్లీ ఎక్కే టైమ్ లేదు. ఆమె తనను ఇక్కడి నుంచి తప్పించడానికే వచ్చిందేమో. పరీక్షించాలనుకున్నాడు.

"మన వేపచెట్టు ఎట్లుండాది షిరీన్?"

ఆమె మొహం విచ్చుకుంది. "బాగుండాది. మొన్న నీళ్లు పోసొచ్చినా."

ఒక్క అబద్ధం. దొరికింది. గొయ్యిని తన కళ్లతో చూశాడు కదా.

"వెళ్లిపో."

"నమ్మవా?"

"నమ్మను."

సంకెళ్లు వేయాల్సింది. చేతులు రాలేదు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని గబగబా దిగిపోయింది.

జనరేటర్‌లో దుమ్ము తప్ప ఏమీ లేదు. జయచంద్ర ఉలిక్కిపడి బైనాక్యులర్స్ అందుకున్నాడు. కొండ కింద పల్లె ఆడవాళ్లు బిందెలతో ట్యాంకర్‌ను చుట్టుముట్టారు. మధ్యలో ఎర్ర స్కార్ఫ్. అతను రాళ్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తాడు.

తర్వాత ట్యాంకర్ డ్రైవర్ తిప్పయ్య చెప్పాడు. "బాంబుండాది, పోండి!" అని ఆయమ్మ అరిస్తే ఒక్కరూ కదల్లేదట. "బిందె నింపుకొని పోతాంలే తల్లీ" అన్నారట. అప్పుడామె గొంతు చించుకుంది: "నీళ్లల్లో ఎండ్రిన్ కలిపినారు! తాగితే చస్తారు!" ఆ పురుగుమందు పేరు ఇక్కడ ఎవరికి తెలియదు? బిందెలు వదిలేసి పరుగెత్తారు. ఆమె డ్రైవర్ సీటెక్కి ట్యాంకర్‌ను ఎండిన చెరువులోకి దూకించింది.

సరిగ్గా పదింటికి పేలింది. పల్లె బతికింది, రాడార్ బతికింది. ఎగిరిన నీళ్లు నెర్రెల మీద చినుకులై రాలాయి. ఆ ఏడు ఆ చెరువులో పడిన తొలి చినుకులవి.

సాయంత్రం గోరంట్లలో చిన్నక్క గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆమె దుబాయ్ నుంచి తిరిగొచ్చి నెలే అయింది. షిరీన్ పోయిందని విని కొంగులో మొహం దాచుకుంది.

"చెట్టు గురించి నాతో అబద్ధం చెప్పింది చిన్నక్కా. అందుకే నమ్మలేదు."

"యా చెట్టు నాయనా? వేపదా?" ముసలామె తలెత్తింది. "పోయిన సంవత్సరం ఆడ తవ్వేటప్పుడు క్రేనోళ్లను బతిమాలి, వేర్లతో లారీ ఎక్కించి ఆడే దుబాయ్‌లో మా వాకిట్లో నాటించినాది. బతకదంటి. పొద్దూమాపూ నీళ్లు పోసె. చిగురేసినాది. జనవరిలో బాసు బయటికి కదలనీలే. 'ఆయప్ప మళ్లా వస్తే చూపిస్తా' అని ఎదురుచూస్తా ఉండె."

యాడుండాది అని ఒక్క మాట అడగలేదు. తొమ్మిదేళ్లు ప్రేమించి, ఒక్క మాట అడగలేదు. జయచంద్ర గడప మీద కూర్చున్నాడు. చిన్నక్క చెంబుతో నీళ్లు తెచ్చింది, తాగలేకపోయాడు.

జేబులో ఫోన్ మోగింది.

"వెల్‌డన్ జయచంద్రా," అంది వనజాక్షి. "ముఠా బాస్ మిగిలాడు. ఎల్లుండి దుబాయ్ ఫ్లైట్. అక్కడ మనం నమ్మదగ్గవాళ్లు ఎవరైనా మిగిలారా?"

"ఒక చెట్టుంది మేడమ్," అన్నాడు. "అది మనల్ని నమ్ముతుందో లేదో కనుక్కోవాలి."